పాత పిన్‌బాల్ మెషీన్ పెట్టెకి రంగు, స్టెన్సిల్ పని: చెన్నైలో ఎలా?

పెరంబూర్ బాబు

ఊటీ వైపు ఒక ఎస్టేట్ క్లబ్బు మూసేస్తూ సామాను అమ్మితే, బిలియర్డ్స్ బల్ల కోసం వెళ్లిన మా బావ దాంతోపాటు ఒక పిన్‌బాల్ మెషీన్ (నాణెం వేసి స్టీలు బంతిని కొడుతూ ఆడే ఆట పెట్టె) కూడా లారీ ఎక్కించుకొచ్చాడు. వాళ్లింట్లో చోటు లేదని అది మా ఇంటికి చేరింది. గాట్లీబ్ కంపెనీది, 1970ల నాటిది. లోపలంతా రిలేలు, తిరిగే అంకెల చక్రాలు. వెనక అద్దం మీద పేకముక్కల బొమ్మ చెక్కుచెదరలేదు. మెకానిజం తెలిసినాయన ఒకరు చూస్తున్నారు, దాని గురించి నాకు టెన్షన్ లేదు.

టెన్షనంతా పెట్టె గురించే. తెలుపు కాస్తా పసుపుపచ్చకి తిరిగింది. ఎడమవైపు ఏళ్లతరబడి ఎండ తగిలినట్టుంది, ఎర్ర బొమ్మలు గులాబీ అయిపోయాయి. కుడివైపు మాత్రం ఎరుపు ఇంకా ఎరుపే. వెనక కింది మూల నీళ్లు తాగి ఉబ్బి, ప్లైవుడ్ పొరలు పుస్తకం పేజీల్లా విచ్చుకున్నాయి. ముందువైపు ఎవరో స్టిక్కర్ అంటించి పీకారు, దాంతో రంగూ ఊడొచ్చింది.

మా వీధి పెయింటర్‌ని పిలిచి చూపిస్తే "మొత్తం గీకేసి, లప్పం పెట్టి, పీయూ (పాలీయురేథేన్) రంగు కొట్టి, పైన స్టిక్కర్ వేసేద్దాం సార్, తళతళలాడిపోద్ది" అన్నాడు. తళతళలు నాకక్కర్లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలా కావాలి. ఆ బొమ్మలు స్టెన్సిల్ పెట్టి కొట్టినవని తెలుసు. ఆ స్టెన్సిల్ ఇప్పుడు నేనెలా చేసుకోవాలి? ఏ రంగు వాడాలి? మేడ మీద చోటుంది, నాకు ఓపికుంది.

చూసి పోయేవాడు

ఓపిక సరే, ఇంట్లో పర్మిషన్ ఉందా?

పెరంబూర్ బాబు

లేదు. దీపావళి లోపు హాల్లోంచి కదలాలని ఆర్డరు.

చూసి పోయేవాడు

1942లో న్యూయార్క్ మేయర్ లాగార్డియా పిన్‌బాల్ జూదమని నిషేధించి, మెషీన్లని సుత్తులతో పగలగొట్టించాడు. ఆ నిషేధం ఎత్తేసరికి 1976 వచ్చింది. మీకు దీపావళి దాకా గడువిచ్చారంటే మీ ఆవిడ చాలా నయం.

ఫ్లిప్పర్ ఫణి

బాబు గారూ, ముందు ఆ పెయింటర్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పండి. గీకే యంత్రం ఇప్పుడప్పుడే మీ గడప తొక్కకూడదు. ఒకసారి గీకేశాక ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పేనాథుడు ఉండడు. నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో. నా దగ్గర ఇలాంటివి రెండున్నాయి, రెండిటికీ పెట్టె పని నేనే చేసుకున్నాను.

కాళ్లు, నాణేల తలుపు, పక్కలుండే స్టీలు పట్టీలు, వెనక నిలబడే తల పెట్టె అన్నీ విప్పండి. విప్పేముందు ప్రతి వైరు గుత్తికీ చీటీ కట్టండి. తర్వాత ఆ స్టీలు పట్టీల కింద, కాళ్లు కప్పేసిన మూలల్లో చూడండి. అక్కడ వెలుతురు పడలేదు కాబట్టి మొదట కొట్టిన రంగు అలాగే ఉంటుంది. రంగు కలిపించడానికి అదే మీ నమూనా.

ఇక స్టెన్సిల్. డ్రాయింగ్ ఆఫీసుల్లో వాడే పాలిస్టర్ ట్రేసింగ్ ఫిల్మ్ రోల్ కొనండి. మామూలు ట్రేసింగ్ పేపర్ మన గాలికి ముడతలు పడి సాగుతుంది, వద్దు. ఫిల్మ్‌ని పెట్టె పక్కకి టేపుతో బిగించి, సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో బొమ్మ అంచులు గీయండి. పెట్టె అంచులు, కాళ్ల బోల్టుల బెజ్జాలు కూడా గుర్తు పెట్టుకోండి. రేపు స్టెన్సిల్‌ని సరిగ్గా అదేచోట కూర్చోబెట్టాలంటే ఆ బెజ్జాలే దిక్కు. ఫోటోలు దూరంగా, ఎదురుగా నిలబడి తీయండి, కొలత టేపు కూడా ఫోటోలో పడాలి. దగ్గర్నుంచి తీస్తే లెన్సు అంచుల్ని వంచేస్తుంది.

రెండు పక్కలూ ఒకటే అనుకోవద్దు. కొన్నిటిలో ఒకే స్టెన్సిల్ తిరగేసి వాడతారు, కొన్నిటిలో వేరువేరుగా ఉంటాయి. రెండూ గీసుకోండి. ఎడమవైపు కనపడనిచోట కుడివైపు సాయపడుతుంది.

ఇంకో సంగతి. ఏ రంగు ముందు కొట్టారు, ఏది తర్వాత? రెండు రంగులు కలిసేచోట భూతద్దం పెట్టండి. ఒకటి ఇంకోదాని కిందికి దూరి ఉంటుంది. మీరూ అదే వరస పాటించాలి.

లప్పం మేస్త్రి

అందరూ ఆ పెయింటర్ మీద పడకండి. తలుపులకీ అల్మారాలకీ ఆయన చెప్పిందే కరెక్టు. కస్టమర్ ఎప్పుడూ మెరుపే అడుగుతాడు, పాతదానిలా కనిపించాలని అడిగేవాళ్లని నేనూ ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఈ పని చేయించుకునే తీరు వేరు, పక్కన కూర్చుని చేయించుకోవాలి.

ముందు చెక్క సంగతి తేల్చండి బాబు గారూ. ఉబ్బిన మూలలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. మెత్తగా దిగితే చెక్క చచ్చిందని అర్థం. ఇంకో అనుమానం చెదలు. మట్టి గీతలు, పొడి రాలడం ఏమన్నా ఉందా?

పెరంబూర్ బాబు

చెదలు లేవు, బతికిపోయాను. స్క్రూడ్రైవర్ మాత్రం వెనక మూల రెండంగుళాల మేర దిగింది. మిగతాచోట పొరలు విడిచాయి గానీ చెక్క గట్టిగానే ఉంది.

లప్పం మేస్త్రి

పొరలు విడిచినచోట బాగా ఎండనివ్వండి. పల్చటి ఎపాక్సీ జిగురుని సిరంజితో పొరల్లోకి ఎక్కించి, రెండువైపులా పాలిథీన్ వేసి, చెక్క దిమ్మలు పెట్టి క్లాంపులు బిగించండి. పాలిథీన్ మర్చిపోతే దిమ్మ కూడా పెట్టెలో భాగమైపోతుంది. మెత్తబడిన ముక్క కోసేసి కొత్తది అతకాలి. పాత పెట్టె ముప్పావు అంగుళం మందం, మన 19 ఎంఎం ప్లై సరిపోతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసే బోర్డు) ఇస్తామంటే మాత్రం షాపు మారండి, చెన్నై వానకి అది రస్కులా ఉబ్బుతుంది.

లప్పం అతుకు పెట్టినచోట మాత్రమే. పెట్టె మొత్తానికి పూయొద్దు.

జేసీ రోడ్ రాజు

మొత్తానికి ఎందుకు పూయకూడదు? లప్పం పెట్టి, సర్ఫేసర్ (నునుపు చేసే అడుగు పూత) కొట్టి, 400 నంబర్ వాటర్ పేపర్ వేస్తే చెక్క చార కనపడదు. అప్పుడు పైన కొట్టే రంగుకి ఒక అందం. మా షాపులో కార్లకి అంతే చేస్తాం.

ఫ్లిప్పర్ ఫణి

రాజు గారూ, సమస్యంతా అక్కడే. షికాగో ఫ్యాక్టరీలో వాళ్లు నునుపు కోసం పాకులాడలేదు. రోజుకి పెట్టెలు పదుల్లో బయటికి పోవాలి. ప్లైవుడ్ చార రంగులోంచి కనిపిస్తూనే ఉంటుంది. అది మాయం చేస్తే పక్కనున్నవాడు చెప్పలేకపోవచ్చుగానీ ఏదో తేడాగా ఉందనుకుంటాడు.

సరోజ

గీకడం గురించి ఇంత మాట్లాడుతున్నారు, సీసం గురించి ఒక్కరూ ఎత్తలేదేంటి? అమెరికాలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. ఈ పెట్టె బహుశా అంతకు ముందుదే. మన దేశంలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) పరిమితి 2016 నాటి నియమాలతో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి మధ్యలో ఎవరైనా క్లబ్బులో లోకల్ రంగు పూసి ఉన్నా అదీ అనుమానమే. పొడిగా గీకొద్దు. వాటర్ పేపర్‌తో తడిపి గీకండి, ఆ బురదని గుడ్డతో తుడిచి కవర్‌లో కట్టండి. మేడ మీద అంటున్నారు, పక్కనే అప్పడాలు ఆరబెట్టే ఇల్లుంటే వాళ్లకి ముందే చెప్పండి. పిల్లల్ని పైకి రానివ్వొద్దు.

పెరంబూర్ బాబు

అప్పడాలు కాదు, మా అత్తగారి వడియాలు. విషయం చెప్పాను. మెషీన్‌కీ వడియాలకీ మధ్య ఏది ఉండాలో ఆవిడ వెంటనే తేల్చేశారు. వడియాలు అయ్యాకే పని మొదలు.

మద్రాసు మావయ్య

అసలు రంగు వేయాలని ఎవరన్నారు?

నేను సరదాగా అడగడం లేదు. యాభై ఏళ్లు ఆ రంగు బతికింది. కుడిపక్క బాగానే ఉందని బాబే చెబుతున్నాడు. తల పెట్టె సంగతి ఎవరూ అడగలేదు, బహుశా అదీ బాగానే ఉండి ఉంటుంది. తడిగుడ్డతో మురికి తీసి, మైనం పట్టించి వాడుకోవచ్చు. మూల బాగు చేయించు, స్టిక్కర్ పీకినచోట చిన్న కుంచెతో సరిచేయించు, అంతటితో వదిలెయ్. అసలుది ఒకసారి గీకేశాక నువ్వెంత బాగా చేసినా అది నువ్వు చేసిందే అవుతుంది.

ఫ్లిప్పర్ ఫణి

మావయ్య గారూ, కుడిపక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ గులాబీ అయిపోయిన ఎడమపక్కని మైనం ఎరుపు చేయదు కదండీ.

మద్రాసు మావయ్య

ఎందుకు చేయాలి? ఎండ తగిలింది కాబట్టి వెలిసింది. వెలిసినట్టే ఉండనీ.

చూసి పోయేవాడు

మావయ్యా, మీ జుట్టుకి కూడా ఇదే నియమమా?

మద్రాసు మావయ్య

ఉంటే కదా నియమం.

పెరంబూర్ బాబు

మావయ్య గారన్నట్టు తల పెట్టె బాగానే ఉంది. దాన్ని ముట్టుకోను. కుడిపక్క కూడా ముట్టుకోకూడదని రాత్రి నుంచి అనిపిస్తోంది. ఎడమపక్క, ముందుభాగం మాత్రం చేద్దామనుకుంటున్నాను. అలా సగం కొత్త, సగం పాత అయితే చూడ్డానికి దరిద్రంగా ఉంటుందా?

ఇంకోటి. ఫణి గారు చెప్పారని భూతద్దం పెట్టి చూశాను. తెలుపు మీద బూడిదరంగు చుక్కలు సన్నగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఈగల మచ్చలనుకుని తుడుస్తున్నాను. గోరుతో తడిమితే గరుకుగా తగులుతున్నాయి. ఎర్ర బొమ్మ కింద కూడా అదే గరుకు. అంటే ఇవి కావాలని కొట్టినవా?

ఫ్లిప్పర్ ఫణి

కావాలని కొట్టినవే! ఆ రోజుల్లో చాలా పెట్టెలకి తెలుపు మీద ఇంకో రంగు సన్నగా చిలకరించేవాళ్లు. కొన్నిటికి చుక్కలు, కొన్నిటికి సాలెగూడు దారాల్లాంటి గీతలు. చిన్నచిన్న లోపాలు కంటికి ఆనకుండా పోతాయి. ఎరుపు కింద కూడా తగులుతున్నాయంటే వరస మీకు దొరికినట్టే: తెలుపు, చుక్కలు, ఆ తర్వాత స్టెన్సిల్ రంగులు.

చుక్కలకి స్ప్రే గన్ గాలి బాగా తగ్గించి, రంగు కాస్త చిక్కగా ఉంచండి. గన్ సరిగ్గా చీల్చలేక తుంపర్లుగా ఉమ్ముతుంది. మామూలుగా అది తప్పు, ఇక్కడ అదే కావాలి. అట్టముక్కల మీద ముందు సాధన చేయండి. దారాల టైపు అయితే పల్చన చేయని లాకరే (థిన్నర్ ఆవిరై త్వరగా ఆరే రంగు) వాడాలి, అది ఇంకా కష్టం. మీది చుక్కలే కాబట్టి బతికారు.

లప్పం మేస్త్రి

గన్ లేకపోతే పాత టూత్‌బ్రష్ మీద పుల్లతో గీరినా పడతాయి. కానీ చెయ్యి అలిసేకొద్దీ చుక్కలు పెద్దవవుతాయి, ఒక పక్క ఒకలా ఇంకో పక్క ఇంకోలా వస్తుంది. గన్నే మేలు.

జేసీ రోడ్ రాజు

స్టెన్సిల్ సంగతికి వద్దాం. ట్రేసింగ్‌ని స్కాన్ చేయించి, ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీతలు సరిచేసి, ఏ రేడియం షాపుకైనా ఇవ్వండి. వాళ్ల కటింగ్ మెషీన్ రెండడుగుల రోల్ తీసుకుంటుంది, పొడవుకి లిమిట్ ఏముంది, నాలుగడుగుల పైమాట ఉన్న పెట్టె పక్క హాయిగా పడుతుంది. వినైల్ (స్టిక్కర్ షీటు) అంటించి రంగు కొట్టి పీకేస్తే అంచు బ్లేడుతో కోసినట్టు వస్తుంది.

బండ్లకి వేసే మామూలు వినైల్ జిగురు గట్టిది, కింద రంగుని లాక్కొచ్చేస్తుంది. స్టెన్సిల్ పని కోసం తక్కువ జిగురుది దొరుకుతుంది, అది అడగండి. దొరక్కపోతే వెనక కాగితం తీసి ఒకసారి లుంగీకి అద్దండి, జిగురు సగం చస్తుంది.

ఇంకో కిటుకు. వినైల్ అంటించాక ముందు ఎరుపు కొట్టకండి. అడుగునున్న తెలుపే అంచుల మీద పల్చగా ఒక పూత కొట్టండి. అంచు కిందికి కారేదేదో తెలుపే కారి సందు మూసేస్తుంది. ఆపైన ఎరుపు కొడితే ఒక్క చుక్క లోపలికి పోదు. రంగు పూర్తిగా గట్టిపడకముందే, వినైల్‌ని వెనక్కి మడిచి పడుకోబెట్టి లాగండి. నిటారుగా పైకి లాగితే అంచు చిట్లుతుంది. మేడ మీద ఎండలో వదిలేసి భోజనానికి వెళ్లారో, జిగురంతా పెట్టెకే ఉండిపోతుంది.

వసుంధర

రాజు గారి పద్ధతిలో తప్పు లేదు. కానీ బ్లేడుతో కోసినట్టు రావాలా అన్నదే నా ప్రశ్న. బాబు గారూ, ఎర్ర బొమ్మ అంచుని దగ్గరగా ఫోటో తీసి పెట్టగలరా? నేను సైన్ బోర్డులు చేతితో రాస్తాను, అంచు చూస్తే ఎలా కొట్టారో చెప్పేస్తాను.

పెరంబూర్ బాబు

పెట్టాను చూడండి. కుడిపక్కది. అంచు పొడుగునా ఎర్రటి దుమ్ములా ఉంది. కొన్నిచోట్ల వెంట్రుకవాసి, కొన్నిచోట్ల వేలు మందం. మధ్యలో చిన్న తెల్ల సందులు రెండు కనిపిస్తున్నాయి, బొమ్మ తెగినట్టు.

వసుంధర

అనుకున్నాను. స్టెన్సిల్ పెట్టెకి అంటుకోలేదు, ఆనించి కొట్టారు. ఆనినచోట అంచు గట్టిగా ఉంది, లేచినచోట రంగు కిందికి దూరి మసకబారింది. ఆ తెల్ల సందులు స్టెన్సిల్‌లో వంతెనలు. మధ్యలో విడిముక్క ఊడి పడిపోకుండా పట్టుకునే పట్టీలు. వినైల్‌కి వంతెన అక్కర్లేదు కాబట్టి కంప్యూటర్‌లో గీసేవాడు "ఇదేదో తెగిపోయింది" అని కలిపేస్తాడు. ముందే చెప్పి ఉంచండి, కలపొద్దని.

నేనైతే వినైల్ వాడను. పాత ఎక్స్‌రే ఫిల్ములు వేడినీళ్లలో నానబెట్టి నలుపు గీకేసి, టేపుతో అతికి కోస్తాను. బోర్డుల మీద అంకెలకి నేనిప్పటికీ అవే వాడుతున్నాను. ఫిల్మ్‌ని పెట్టె మీద ఊరికే పరిచి, అక్కడక్కడ నట్లు, బోల్టులు బరువు పెట్టండి. పెట్టెని పక్కకి పడుకోబెట్టాలి సుమా, నిలబెట్టి కాదు. గన్ నేరుగా పైనుంచి పట్టాలి, ఏటవాలుగా పడితే గాలికి ఫిల్మ్ లేచి ఒకవైపే మసక వస్తుంది.

జేసీ రోడ్ రాజు

అంటే డబ్బు పెట్టి, కష్టపడి, కావాలని చెడగొట్టుకోవాలంటారు!

నెల్లూరు సన్నాలు

చెడగొట్టడం కాదు రాజు అన్నా. మాకు రైసు మిల్లు ఉంది. మూటల మీద బ్రాండు పేరు ఇప్పుడు ప్రింటయ్యే వస్తుందిగానీ, మా నాన్న హయాంలో రేకు పెట్టి కొట్టేవాళ్లు. కొత్త రేకు పెట్టిన రోజు అక్షరం ముత్యంలా పడేది. ఒక వంద మూటలు అయ్యేసరికి రేకు అంచున రంగు పేరుకుని అక్షరం సన్నబడేది, కింద అంటిన రంగు పక్క మూటకి మచ్చలు పెట్టేది. ఎవరో ఒకరు కిరసనాయిలుతో కడిగితే మళ్లీ బాగా పడేది.

షికాగో అయినా మా మిల్లు అయినా రేకు రేకే. ఆ ఫ్యాక్టరీలోనూ పొద్దున్న కొట్టిన పెట్టె ఒకలా, సాయంత్రం కొట్టింది ఒకలా ఉండి తీరాలి. ఏ రెండూ ఒకటి కావు. కాబట్టి ఇంటర్నెట్‌లో వేరేవాళ్ల పెట్టె ఫోటో చూసి పోల్చుకోవద్దు బాబు గారూ. మీ కుడిపక్కే మీకు ప్రమాణం.

ఫ్లిప్పర్ ఫణి

సన్నాలు గారి పోస్టుకి వంద లైకులు. ఫోటోల కోసం ఐపీడీబీ (పిన్‌బాల్ మెషీన్ల వివరాలుండే వెబ్‌సైట్) చూడటం మంచిదే, అక్కడ దాదాపు ప్రతి మెషీన్‌దీ పేజీ ఉంటుంది. బొమ్మ ఏమిటో, ఎన్ని రంగులో తెలుసుకోడానికి పనికొస్తుంది. అంచు విషయానికి మాత్రం మీ పెట్టే.

జేసీ రోడ్ రాజు

సరే, మసకే కొట్టుకోండి. రంగు మాత్రం టూకే పీయూ (హార్డెనర్ కలిపి కొట్టే పీయూ) కొట్టండి. లాకర్ కాలం పోయింది.

లప్పం మేస్త్రి

టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. బూత్, గాలి మాస్కు ఉన్న మీకు పర్లేదు, మేడ మీద గుడ్డ కట్టుకుని కొట్టేవాడికి ఊపిరితిత్తులతో ఆట. పైగా అది పోసినట్టు సాపుగా పరుచుకుంటుంది, వీళ్లడిగే పాత లుక్కు రాదు.

ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ నయం. త్వరగా ఆరుతుంది, స్టెన్సిల్ వెంటవెంటనే మార్చుకోవచ్చు. దానికీ రెండు పేచీలున్నాయి. ఒకటి, కింద పాత ఎనామిల్ ఉంటే దాని మీద లాకర్ పడగానే తోలు ముడుచుకున్నట్టు లేస్తుంది. ముందు ఒక మూల థిన్నర్ గుడ్డతో రుద్దండి. కరిగి గుడ్డకి అంటితే లాకర్, ముడతలు పడితే ఎనామిల్. రెండు, చెన్నై గాలి. తేమ ఎక్కువున్నరోజు లాకర్ కొడితే ఆరుతూ ఆరుతూ తెల్లబారుతుంది. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి గాలిలో తేమని పట్టుకుంటుంది, అదీ కారణం. రిటార్డర్ కలిపితే నెమ్మదిగా ఆరుతుంది, తెల్లబారదు. తెల్లబారినా కంగారొద్దు, ఎండ ఉన్నరోజు రిటార్డర్ పల్చగా కొడితే పొర కరిగి సర్దుకుంటుంది.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన ఈశాన్య రుతుపవనాల టైములో అసలు మొదలుపెట్టొద్దు. మామూలు రోజుల్లో కూడా పొద్దున్నే వద్దు. పది దాటాక మొదలుపెట్టి సముద్రపు గాలి తిరిగేలోపు ముగించండి.

పెరంబూర్ బాబు

మేస్త్రి గారూ, దీపావళి అక్టోబర్, నవంబర్‌లలోనే కదా వచ్చేది!

లప్పం మేస్త్రి

అందుకే ఈ విషయం ఇంట్లో మీరే మాట్లాడుకోండి. వాతావరణ శాఖ నా చేతిలో లేదు.

చూసి పోయేవాడు

బెంగళూరు పంపించెయ్యండి. ఇక్కడ ఫిబ్రవరి, మార్చిలో గాలి పొడిగా ఉంటుంది. రంగు ఆరేలోపు మెషీన్ ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి దాటుతుందని మాత్రం హామీ ఇవ్వలేం.

కొత్త సభ్యుడు 

మధ్యలో వస్తున్నాను. ఇది 110 వోల్టుల మీద నడిచేదా? మన ప్లగ్‌లో పెడితే కాలిపోదా?

ఫ్లిప్పర్ ఫణి

అమెరికాలో వాడటానికి చేసినవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కొన్నిటిలో లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కే 220 కనెక్షన్ ఉంటుంది. వేరే చర్చ మొదలెట్టండి, ఇక్కడ కలిపితే తలకాయనొప్పి.

పెరంబూర్ బాబు

నా పాత ప్రశ్న మిగిలిపోయింది. సగం కొత్త, సగం పాత. దానికి తోడు ఇంకోటి పుట్టింది. స్టీలు పట్టీ విప్పాను. కింద ఎరుపు నిజంగా మండిపోతోంది, తాజా మిరపపండులా. కుడిపక్క ఎరుపు బాగుందనుకున్నానా, దీని పక్కన పెడితే అదీ వెలిసినట్టే లెక్క. తెలుపు కూడా పట్టీ కింద ఇంకా తెల్లగా ఉంది. ఇప్పుడు ఏ ఎరుపు కలిపించాలి?

ఫ్లిప్పర్ ఫణి

పట్టీ కిందదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు కావాలని మొదటి పోస్టులో రాసింది మీరే.

మద్రాసు మావయ్య

కుడిపక్కది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు కావాలంటే నాలుగు వైపులా చేయాలి. కుడిపక్క వదిలేస్తానన్నాక ఎడమపక్క కూడా దాని ఈడుదే అయి ఉండాలి.

ఫ్లిప్పర్ ఫణి

వెలిసిన రంగుని కొత్తగా కలిపించి కొట్టడం నాకు మింగుడు పడదు మావయ్య గారూ. ఇంకో ఇరవై ఏళ్లకి అది ఇంకా వెలిస్తే?

మద్రాసు మావయ్య

వెలవనీ. కిటికీకి కర్టెన్ వేసుకుంటాడు.

వసుంధర

ఒకటి గమనించండి. పెట్టె రెండు పక్కలూ ఒకేసారి ఎవరి కంటికీ పడవు. కాబట్టి ఎడమ ఎరుపు, కుడి ఎరుపు కాస్త తేడా ఉన్నా పట్టుబడదు. పట్టుబడేది ముందుభాగం, కుడిపక్క కలిసే మూల, ఇంకా పెట్టె మీద తల కూర్చునే చోటు. అక్కడ పాత తెలుపు పక్కన కొత్త తెలుపు పడితే సున్నం కొట్టినట్టుంటుంది. అందుకని ఎరుపు మీ ఇష్టం, తెలుపు మాత్రం ఇప్పుడున్న పాత తెలుపుకే కలిపించాలి. పసుపు, కొంచెం బూడిదరంగు పడతాయి అందులో. కార్ల రంగులు కలిపే షాపుల్లో యంత్రం పెట్టి చదువుతారు. వాళ్లిచ్చింది ఒక ప్లై ముక్క మీద కొట్టి, ఆరాక పెట్టె పక్కన పెట్టి, ఎండలోనూ ట్యూబులైటు కిందా చూడండి. తడి రంగు చూసి ఒప్పేసుకోవద్దు, ఆరాక రంగు మారుతుంది.

జేసీ రోడ్ రాజు

ఇది మాత్రం వసుంధర గారు నూటికి నూరుపాళ్లు నిజం చెప్పారు. కారు బానెట్ ఒక్కటే కొత్త రంగు కొట్టి పక్క ఫెండర్‌తో కలపడంలో మేం పడే బాధ ఇదే. యంత్రం దగ్గరకి తీసుకెళుతుంది, చివరి చుక్క కంటితోనే వేయాలి.

పెరంబూర్ బాబు

మేడమ్, చాలా థాంక్స్. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. "అయితే మూల కనపడకుండా గోడకి ఆనించి పెట్టొచ్చుగా" అంది. ఆవిడ మెషీన్‌ని ఉంచే ఆలోచనలోకి వచ్చేసిందని నాకు అప్పుడర్థమైంది.

నా నిర్ణయం: తల, కుడిపక్క ముట్టుకోను. ఎడమపక్క, ముందుభాగం మాత్రమే. తెలుపు పాతదానికి, ఎరుపు కుడిపక్కదానికి కలిపిస్తాను. ఫణి గారు క్షమించాలి. స్టెన్సిల్ ఎక్స్‌రే ఫిల్మ్‌తో, వంతెనలు ఉంచి. చెక్క పని ఇప్పుడు, రంగు పని ఫిబ్రవరిలో.

ఫ్లిప్పర్ ఫణి

మీ పెట్టె, మీ ఇష్టం. నేనైతే మిరపపండు ఎరుపే కొట్టేవాణ్ని. ఒకటి మర్చిపోవద్దు: ముందుభాగంలో చెక్కలోకి గుద్దిన సీరియల్ నంబర్ ఉంటుంది. దాని మీద లప్పం పడితే మెషీన్ పుట్టుపూర్వోత్తరాలు పోయినట్టే. టేపు వేసి కాపాడండి. పెట్టె లోపల ముద్రలు, పెన్సిల్ రాతలు కనిపిస్తే అలాగే ఉంచండి. లోపలివైపు రంగు వేయనే వద్దు, ఒట్టి చెక్కే ఉండాలి.

నెల్లూరు సన్నాలు

ఎక్స్‌రేలు కావాలంటే చెప్పండి. మా నాన్న మోకాళ్లవి ఒక అరనిండా ఉన్నాయి.

జేసీ రోడ్ రాజు

అంతా అయ్యాక పైన మ్యాట్ క్లియర్ (మెరవని పారదర్శక పూత) ఒక కోటింగ్ కొట్టండి. మీ పిల్లలు ఆడేటప్పుడు ఉంగరాలు, గడియారాలు గీసుకుంటాయి.

మద్రాసు మావయ్య

ఫ్యాక్టరీలో దీనికి క్లియర్ కొట్టలేదు. మైనం చాలు.

జేసీ రోడ్ రాజు

మైనం మోచేతి చెమటకి ఆగదు మావయ్యా. చెన్నైలో పిన్‌బాల్ ఆడేవాడి మోచేయి ఎప్పుడన్నా చూశారా?

లప్పం మేస్త్రి

మైనం పట్టించాక రేపు ఎక్కడైనా రంగు అతుకు వేయాల్సొస్తే దాని మీద అంటదు, ముందు అదంతా కడిగి చావాలి. క్లియర్ కొడితే పాత కుడిపక్కకీ దీనికీ మెరుపు తేడా వస్తుంది. బాబు గారూ, అట్టముక్క మీద రెండూ చేసి కుడిపక్కకి ఆనించి చూడండి. ఏది తక్కువ తేడాగా ఉంటే అది.

పెరంబూర్ బాబు

ప్లై ముక్క కొనడానికి వెళుతున్నాను. ఐఎస్ 710 అంటే షాపువాడు "అన్నీ ఒకటే సార్" అంటే ఏం చెప్పాలి?

లప్పం మేస్త్రి

ముద్ర చూపించమనండి. చూపించకపోతే పక్క షాపు.